రెండు బల్లలు

నమ్మకం లేని చోట కూర్చుని, నమ్మినవాళ్ళ చేతి కూడు తినొచ్చా? తింటే దాన్ని మర్యాద అనాలా, నటన అనాలా?

ప్రశ్న చిన్నదే. కానీ ఆన్‌సైట్ పేరుతో ఏదో ఒక చలిదేశంలో కొన్నాళ్ళు బతికిన నాలాంటి వాళ్ళలో చాలామందికి ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. ఆదివారం దుకాణాలన్నీ మూత. గదిలో లాప్‌టాప్, కిటికీ బయట వాన. ఊళ్ళో తలుపు తీసి ఉన్నది ఒక్క చర్చికే. పక్కింటి ముసలాయనో, ఆఫీసులో తోటివాడో “రారాదూ, తర్వాత కాఫీ కూడా ఉంటుంది” అంటాడు. వెళ్తాం. పాటలప్పుడు లేచి నిలబడతాం, కూర్చోమన్నప్పుడు కూర్చుంటాం. కేకు తింటాం. తిరిగి వచ్చేటప్పుడు మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంటుంది: ఇంతకీ నేనక్కడ ఎవరిని?

దీనికి మన దగ్గర రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. “దేవుడొక్కడే, పేర్లే వేరు, ఎక్కడికి పోతే ఏముంది” అనేది మొదటిది. వినడానికి విశాలంగా ఉంటుంది. కానీ ఆ పీఠం ముందు నిలబడ్డ ఫాదర్ అలా అనుకోవడం లేదు. అక్కడ మోకరించినవాళ్ళూ అనుకోవడం లేదు. వాళ్ళు వాళ్ళ నమ్మకం గురించి చెప్పేది వినకుండా, వాళ్ళ తరఫున మనమే “అంతా ఒకటే” అని తీర్మానించడంలో ఉదారత ఎంతో, పెత్తనం కూడా అంతే ఉంది. రెండో జవాబు దీనికి తలకిందులు: “నమ్మకపోతే పోకూడదు, పోతే నమ్మినట్టే.” ఇది నిజాయితీలాగే ఉంటుంది కానీ దీని ప్రకారం మనిషి తనవాళ్ళ గడప తప్ప ఇంకొకరి గడప తొక్కడానికి వీల్లేదు. ఈ రెండిటి మధ్య ఏదైనా జవాబు ఉందా అన్నదే నా వెతుకులాట.

నాకు ఈ ప్రశ్న ఎస్సెన్‌లో తగిలింది. ఆ పేరుకి జర్మన్ భాషలో ‘తినడం’ అనే అర్థం కూడా ఉందని ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. అది రూర్ బొగ్గు ప్రాంతం నడిబొడ్డున ఉన్న ఊరు. గోదావరిఖనిలో, యైటింక్లైన్ కాలనీ క్వార్టర్లలో పెరిగిన నేను ఇంత దూరం వచ్చి మళ్ళీ బొగ్గు ఊళ్ళోనే పడ్డాను. తేడా ఏమిటంటే అక్కడ గనులన్నీ మూతబడ్డాయి. ఎస్సెన్‌లోని త్సోల్‌ఫెరైన్ గని 1986లో ఆగింది, 2001 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. పక్కనే బోట్రోప్‌లో ఉన్న ప్రోస్పర్ హానియెల్, ఆ దేశంలో చివరి రాతిబొగ్గు గని, 2018 డిసెంబర్ 21న మూసేశారు. ముందురోజు ఎస్సెన్ కథీడ్రల్‌లో కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ కలిసి ప్రార్థన జరిపారు. గనికి వీడ్కోలు చెప్పడానికి వాళ్ళు చర్చికి వెళ్ళారు. మా దగ్గరైతే గని మైసమ్మ దగ్గరికి వెళ్ళేవాళ్ళు.

వాళ్ళకీ ఒక మైసమ్మ ఉంది. పేరు సెయింట్ బార్బరా, గని కార్మికుల్ని కాచే తల్లి. డిసెంబర్ 4 ఆమె పండగ. ఆ రోజు చెర్రీ కొమ్మలు తెంచి నీళ్ళలో పెడతారు, క్రిస్మస్‌కి పూస్తాయని. నేను పోయిన చర్చిలో ఆ వారం రిటైరైన కార్మికులు నల్లకోట్లు, కుచ్చుటోపీలు వేసుకుని వచ్చారు. వాళ్ళని చూస్తుంటే మస్టర్ పడటానికి లైన్లో నిలబడ్డ మొదటి షిఫ్టు గుర్తొచ్చింది.

పూజ మధ్యలో జనం వరసగా లేచి ముందుకు నడిచారు. అప్పం పుచ్చుకునే ఘట్టం. దాన్ని మన తెలుగు కాథలిక్కులు దివ్యసత్ప్రసాదం అంటారు, ప్రొటెస్టెంట్లు ప్రభువు బల్ల అంటారు. నా బెంచీలో నేను తప్ప అందరూ లేచారు. మోకాళ్ళు పక్కకి తిప్పి దారి ఇచ్చాను. కాథలిక్కు చర్చిలో ఆ అప్పం బాప్తిస్మం తీసుకుని ఆ సంఘంలో ఉన్నవాళ్ళకే. నన్నెవరూ ఆపలేదు, ఎవరూ రమ్మనలేదు కూడా. పూజ అయ్యాక పక్క హాల్లో ఇంకో బల్ల వేశారు. దాని మీద ఫ్లాస్కుల్లో కాఫీ, పొడిపొడిగా రాలే పైకప్పున్న కేకు. అక్కడ మాత్రం నన్ను చెయ్యిపట్టి కూర్చోబెట్టారు. నీదే మతమని ఎవరూ అడగలేదు. నల్లకోటు వేసుకున్న పెద్దాయన ఒకటే అడిగాడు: “మీ గని లోతెంత?” కొన్ని వందల మీటర్లని చెప్పాను. తను దిగిన గని వెయ్యి మీటర్లు దాటిందని చెప్పి, తన ప్లేట్లో కేకుముక్క నా ప్లేట్లో వేశాడు. ఓడిపోయినవాడికి ఓదార్పు బహుమతి లాగా.

నాకు జవాబు ఆ రెండు బల్లల మధ్యే ఉందనిపిస్తుంది. మొదటి బల్లకి షరతు ఉంది. రెండో బల్లకి లేదు. ఆ సంఘం ఈ రెండిటినీ కలపలేదు. అతిథి కూడా కలపకూడదు. మొదటి బల్ల దగ్గరికి కుతూహలం కొద్దీ వెళ్ళి అప్పం నోట్లో వేసుకోవడం నటన. అది తమ జీవితం అనుకునేవాళ్ళ వస్తువుని రుచి చూడటానికి తీసుకోవడం. రెండో బల్ల దగ్గర కూర్చోకుండా “నేను మీ మతం కాదు” అని వెళ్ళిపోవడం అమర్యాద. వాళ్ళు అడగని ప్రశ్నకి మనం మొహం మీద జవాబు చెప్పినట్టు. తలవంచుకుని కూర్చోవడానికీ అప్పం తినడానికీ మధ్య ఉన్న దూరమే అతిథి నిలబడే చోటు.

ఆ చోటు ఎంత చవకో మొదట నాకు తట్టలేదు. తట్టించింది ఒక ఫారం. జర్మనీలో కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు నగర కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. అందులో మతం గడి ఉంటుంది. కాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే జీతంలోంచి చర్చి పన్ను పోతుంది. ఆ రాష్ట్రంలో అది ఆదాయపు పన్ను మీద 9 శాతం. నేను గడి ఖాళీగా వదిలేశాను. అంటే ఆ హాలుకి కరెంటు బిల్లు కట్టేది, ఆ కాఫీ కాచేది, గడి నింపినవాళ్ళు. నేను తాగేది వాళ్ళ లెక్కలో. సభ్యుడికీ అతిథికీ తేడా నమ్మకంలో ఒక్కటే కాదు, ఖర్చులో కూడా ఉంది.

ఈ ఖర్చు సంగతి మన దగ్గరికి వచ్చేసరికి మాట గొంతులో అడ్డం పడుతుంది. మన దేశంలోనూ ఒక మతం గడి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే షెడ్యూల్డ్ కులం హోదా. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. క్రైస్తవంలోకి మారిన దళితులూ వాళ్ళ పిల్లలూ మన దగ్గర బీసీ-సి. ఎస్సీలకి 15 శాతం ఉన్నచోట వాళ్ళకి 1 శాతం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్ళో ఎవడూ అతన్ని వేరే కంచంలో పెట్టడం మానడు. కులం ఒంటిమీదే ఉంటుంది, కాగితం మాత్రం పోతుంది. అందుకే కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి అయిపోయిన కుటుంబాలు ఎన్నో. మనం వాళ్ళని చూసి దొంగతనం దొరికినట్టు మాట్లాడతాం. నమ్మకం లేకపోయినా ఎస్సెన్‌లో బెంచీ మీద కూర్చున్న నాకు ఒక్క పైసా పోలేదు. నిజంగా నమ్మి గోదావరిఖనిలో బెంచీ మీద కూర్చున్నవాడు ఆ సంగతి దాచుకోవాల్సి వస్తోంది. ఇద్దరిలో నటిస్తున్నాడన్న నింద మాత్రం రెండోవాడి మీదే పడుతుంది.

ఇక్కడే మనవాళ్ళ అలవాటు ఇంకొకటి చెప్పాలి. యూరప్ వెళ్ళిన తెలుగువాడు కొలోన్ కథీడ్రల్ ముందు ఫోటో దిగుతాడు, క్రిస్మస్ మార్కెట్లో వేడి వేడి వైన్ తాగుతాడు, చర్చిలో ఆర్గన్ విని ఒళ్ళు గగుర్పొడిచిందని రాస్తాడు. అది సంస్కృతి. అదే మనిషి ఊరికొచ్చాక, కాలనీ చివర రేకుల షెడ్డులో మైకు మోగితే కిటికీ మూస్తాడు. అక్కడ పెట్టే అన్నం మతమార్పిడి. అక్కడి కేకు ఆతిథ్యం, ఇక్కడి పులావు ఎర. తేడా బైబిల్లో లేదు. వండినవాళ్ళ కులంలో ఉంది.

మా క్వార్టర్ల వరసలో క్రిస్మస్‌కి రెండిళ్ళ అవతలి నుంచి పళ్ళెం వచ్చేది. కేకు, కజ్జికాయలు, అరటిపండు, పైన లేసు గుడ్డ. నేను అత్తమ్మా అని పిలిచే ఆవిడ స్వయంగా తెచ్చేది. ఆ పళ్ళెం కొన్ని ఇళ్ళలో వంటింటి దాకా పోయేది, కొన్ని ఇళ్ళలో గుమ్మం దగ్గరే ఆగి పనిమనిషికి చేరేది. ఎవరింట్లో ఏం జరుగుతుందో ఆవిడకి తెలుసు. అయినా మరుసటి ఏడు అన్ని గుమ్మాలకీ పోయేది. రూర్‌లో నాకు దొరికిన ఆతిథ్యం గొప్పదే, కాదనను. కానీ కాదంటారని తెలిసి కూడా పళ్ళెం పట్టుకెళ్ళడం దానికంటే కష్టమైన పని.

ఈ సంగతిని వందేళ్ళకి ముందే సూటిగా మాట్లాడిన మనిషి మన బొగ్గు రైలు దారిలోనే ఉన్నాడు. డోర్నకల్ జంక్షన్ నుంచే ఇల్లందు బొగ్గుకి లైను చీలుతుంది. సింగరేణి కథ మొదలైంది ఆ ఇల్లందు వైపే. 1909లో ఆ డోర్నకల్‌కి తిరునెల్వేలి వైపు నుంచి ఒక తమిళుడు వచ్చి స్థిరపడ్డాడు, వేదనాయగం శామ్యూల్ అజరయ్య. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే అక్కడికి వెళ్ళి, తనని పిలిచినవాళ్ళ మొహం మీదే ఒక మాట అన్నాడు. మీరు త్యాగాలు చేస్తారు, దానాలు చేస్తారు, కానీ మాతో కలిసి కూర్చుని తినరు, మీ ఇంటి ముందుగదిలో మాకు కుర్చీ వెయ్యరు, మాకు కావాల్సింది స్నేహితులు అన్నది దాని సారాంశం. 1912లో ఆయన డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి కథీడ్రల్‌ని గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిపి కట్టించాడు.

అజరయ్య అన్నదాన్ని నేను ఇలా అర్థం చేసుకుంటాను. పెట్టడం సులువు. పెట్టేవాడు పైన ఉంటాడు, పుచ్చుకునేవాడు కింద. కలిసి తినడమే కష్టం. ఎందుకంటే బల్ల ఎత్తు ఇద్దరికీ ఒకటే. ఇంకో సంగతి, ఆ రోజుల్లో క్రైస్తవుల్లోనే ఒక శాఖవాళ్ళు ఇంకో శాఖ ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళలేకపోయేవాళ్ళు. ఆయన ఏళ్ళ తరబడి పనిచేసిన చర్చిల ఏకీకరణ 1947 సెప్టెంబర్‌లో దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడింది. ఆయన 1945 జనవరి 1నే పోయాడు. షరతున్న బల్లని వెడల్పు చెయ్యడానికి ఒక జీవితం చాలలేదన్న మాట.

“ఇదంతా సరే, కానీ అన్నం పెట్టి మార్చారన్నది అబద్ధమా?” అని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఇచ్చింది పుచ్చుకోకపోవడం కష్టం, పుచ్చుకుంటే తిరిగివ్వకపోవడం ఇంకా కష్టం అని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో కానుకల మీద పెద్ద వ్యాసమే రాశాడు. ఆ లెక్కన ఏ ఆతిథ్యమూ పూర్తిగా ఉచితం కాదు. ఆకలితో ఉన్నవాడికి పెట్టిన అన్నం విషయంలో అది మరీ నిజం. కడుపు కాలేవాడు వద్దనలేడు. కాబట్టి పెట్టేవాడి మీద బాధ్యత ఎక్కువ. కానీ అన్నం కోసమే మారినవాడు అన్నం దొరికాక వెనక్కి రావాలి కదా? 15 శాతాన్ని వదులుకుని, లేదా భయపడుతూ దాచుకుని, మూడు తరాలుగా అదే షెడ్డులో పాడుతున్నవాళ్ళని పాలపొడితో వివరించలేం. వాళ్ళకి అక్కడ ఇంకేదో దొరికింది. ముందు వరసలో కూర్చునే హక్కు కావచ్చు, పేరు చివర ‘గాడు’ లేకుండా పిలిచే గొంతు కావచ్చు.

నమ్మమని పిలవడంలో కూడా నాకు తప్పు కనిపించదు. మనకి నచ్చిన పుస్తకాన్ని స్నేహితుడి చేతిలో కుక్కి “చదివి తీరాలి” అని వెంటపడే మనమే ఆ కోరికని అర్థం చేసుకోకపోతే ఎట్లా? తప్పు మొదలయ్యేది వేరే దగ్గర. పళ్ళెం జవాబు మీద ఆధారపడినప్పుడు. నేను పెట్టుకున్న పరీక్ష ఇదే: వద్దని చెప్పాక, వచ్చే ఆదివారం కూడా ఆ కుర్చీ నాకు ఉంటుందా? ఉంటే అది ఆతిథ్యం. లేకపోతే అది బేరం. ఈ కొలత చర్చికొక్కదానికే కాదు. వినాయకుడి చందా ఇవ్వనివాడికి కాలనీలో మంచినీళ్ళ వంతు మారిపోతే, అదీ బేరమే.

ఈ పరీక్ష నెగ్గిన ఉదాహరణ మా బాపు చెప్పాడు. ఆయన బాయి మీద ఏటా మైసమ్మకి యాటను కోసేవాళ్ళు. బాపు గ్యాంగులో ఒక క్రైస్తవుడు ఉండేవాడు. దండం పెట్టేవాడు కాదు. కానీ టోపీ తీసి ఒక పక్కన నిలబడేవాడు, తర్వాత కట్టెలు కొట్టేవాడు, గిన్నెలు మోసేవాడు, తినే టైముకి సద్ది విప్పుకునేవాడు. ఒకటి రెండేళ్ళు చూసి గ్యాంగువాళ్ళు ఒక పని చేశారు.

“అమ్మకు మొక్కినంక ఆయన ముట్టడు గదా. గందుకే ముంగటనే రెండు కోళ్ళు పక్కకు పెట్టి వేరే గంజుల వండిచ్చేటోళ్ళం” అన్నాడు బాపు.

“మైసమ్మకు కోపం రాదా బాపూ?” అని అడిగాను.

“లోపటికి దిగినంక పైకప్పు ఎవని మీద కూలుతదో ఎవలకెరుక బిడ్డా. పక్కనున్నోడే గదా గుంజాల్సింది. ఆకలితోని ఉన్నోడు ఏం గుంజుతడు?”

ఇందులో ఎంత నాజూకైన నీతి ఉందో నాకు చాలా ఆలస్యంగా, పౌలు కొరింథీయులకి రాసిన మొదటి ఉత్తరం చదివితే తెలిసింది. అన్యులు భోజనానికి పిలిస్తే వెళ్ళండి, పెట్టింది ఆరాలు తియ్యకుండా తినండి, కానీ ఇది విగ్రహానికి అర్పించిందని ఎవరైనా చెబితే మాత్రం తినకండి అని అందులో ఆయన సలహా. అంటే తినకపోవడం కూడా స్నేహంలో భాగంగా ఉండొచ్చు. ఆ కార్మికుడు తన గీత దాటలేదు. దాటమని గ్యాంగు అడగలేదు. మొక్కకముందే పక్కకు తీసిన ఆ రెండు కోళ్ళు కూడా ఒక రెండో బల్లే. కులం పేరుతో తినకపోవడానికీ దీనికీ పోలికే లేదు. ఒకడు “నా దేవుడు ఒప్పడు” అని తినడు, కానీ పక్కనే కూర్చుంటాడు. ఇంకొకడు “నీ చెయ్యి తగిలింది” అని తినడు. మొదటిది తన మీద తను పెట్టుకున్న నియమం. రెండోది ఎదుటివాడి మీద వేసిన ముద్ర. రెండిటినీ “ఎవరి ఆచారం వాళ్ళది” అని ఒకే గాట కట్టడం అన్యాయం.

అతిథిని దేవుడిలా చూడమని తైత్తిరీయం చదువు ముగించుకున్న శిష్యుడికి చెప్పింది. మనం దాన్ని టూరిజం బోర్డుల మీద రాసుకున్నాం. అది పెట్టేవాడికి చెప్పిన మాట. తినేవాడు ఎట్లా ఉండాలో ఆ మాటలో లేదు. నా మట్టుకు మూడు తేల్చుకున్నాను. ఒకటి, సభ్యుల కోసం ఉన్నదాన్ని ముట్టకూడదు, వాళ్ళ కోసం కానట్టు మాట్లాడకూడదు. రెండు, ఆ సభ్యత్వానికి వాళ్ళు ఏం చెల్లించారో తెలుసుకోవాలి. చర్చి పన్నా, కుల సర్టిఫికెట్టా, చుట్టాల మాటలా. మూడోది ఫోన్లో బాపు అడిగిన ప్రశ్నలో ఉంది. చర్చిలో కాఫీ, కేకు పెట్టారని చెబితే ఆయన అడిగింది దేవుడి గురించి కాదు: “మరి నువ్వేం బెట్టినవ్?”

మరుసటి ఆదివారం అమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా ఆ హాలుకి పట్టుకెళ్ళాను. ఒక పెద్దావిడ చేతిలోకి తీసుకుని, ఇది దేవుడికి పెట్టిందా అని నెమ్మదిగా అడిగింది. పండగ పిండివంటే కానీ పెట్టింది కాదని చెప్పాను. విరిచి కాఫీలో ముంచుకుంది. పెట్టిందని చెప్పి ఉంటే తినేది కాదేమో. నాకు బాధ ఉండేది కాదు, ఆవిడ పక్క కుర్చీ నాకు ఉన్నంతవరకూ.

అయితే కేకుకి సకినం ఇచ్చేస్తే అప్పు తీరిపోదు. ఎస్సెన్ వాళ్ళకి నేను మళ్ళీ భోజనం పెట్టే అవకాశం దాదాపు లేదు. ఇలాంటి అప్పులు పెట్టినవాళ్ళకి తీర్చలేం, ఇంకొకరికి తీర్చాలి. ఇప్పుడు నేనుండే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో అద్దెకి ఇల్లు అడిగినవాళ్ళని మొదట పేరు, తర్వాత ఇంటిపేరు, తర్వాత “నాన్‌వెజ్ తింటారా, ఏం తింటారు” అని అడుగుతారు. మీటింగులో అది రూలు కాదంటారు, వాచ్‌మన్‌కి మాత్రం చెప్పి ఉంచుతారు. విదేశంలో నీదే మతమని అడగకుండా కుర్చీ వేసిన చోట కూర్చుని వచ్చినవాళ్ళం ఆ మీటింగులో పదిమందిమైనా ఉంటాం. కాఫీ బాగుందని చెప్పుకోవడం మాని, ఆ చిన్న జాబితా దగ్గర నోరు విప్పితే, మనం అక్కడ తిన్నది నిజంగా తిన్నట్టు.